విజిల్ లేని కుక్కర్

వందన ఇంట్లో ఆ వారం అన్నం మాడటం అది మూడోసారి.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న ఆమెను కూతురు యశస్వి ఉరికొచ్చి భుజం పట్టి ఊపేదాకా వంటింట్లో ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. అప్పటికే మాడు వాసన ఇల్లంతా నిండిపోయింది.

"పది విజిల్స్ వచ్చినయ్ మమ్మీ! నువ్వే బంద్ చేస్తవని నేను చదువుకుంట కూసున్న. పక్కింటోళ్లకు సుత ఇనబడ్డది. నీ ధ్యాస యాడుంది?"

వందన కుక్కర్ దించి నీళ్లు పోసింది. ధ్యాసకేం కాలేదు. పది విజిళ్లలో ఆమె చెవికి ఒక్కటీ చేరలేదు.

ఆమెకు నలభై నాలుగేళ్లు. పుట్టిల్లు మద్నూర్. పెళ్లయి బాన్సువాడ వచ్చి ఇరవై రెండేళ్లవుతోంది. భర్త పండరి ఊరి బయట ఒక రైస్ మిల్లులో గుమాస్తా. ఎనిమిదేళ్ల కిందట ఆమెను ఆ మిల్లులో పనికి పెట్టించింది అతనే. బియ్యానికి పాలిష్ పట్టే మిషన్ పక్కన నిలబడి నూకలు జల్లించి సంచుల్లోకి ఎత్తడం ఆమె పని. అక్కడ చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా మాట సగమే అందుతుంది. మొదట్లో పని దిగి ఇంటికొచ్చాక కాసేపు చెవుల్లో తుమ్మెద తిరిగినట్టుండేది. నిద్రపోయి లేస్తే తగ్గేది. తర్వాత తగ్గడం మానేసింది. మూడేళ్లుగా మాటల చివరలు అందడం లేదు. ఈ ఏడాది మాటలే అందడం లేదు.

అన్నం మాడిన ఆ పూట హోటల్ నుంచి పరోటాలు తెప్పించుకుని తింటున్నప్పుడు ఆమె పండరితో చెప్పింది.

"నాకు చెవులు సరిగ ఇనస్తలేవు. మిల్లు మోతకే గిట్లయింది. ఒక్కపారి దవాఖానకు పోయొద్దాం."

పండరి గబుక్కున తలుపు వైపు చూశాడు.

"మెల్లగ మాట్లాడు! గీ మాట బయట అంటివా, మిల్లుల చేస్తే చెవుడొస్తదని ఊరంత అంటది. రేపు ఒక్క ఆడమనిషి పనికి రాదు. మనుషులను పిలుసుకొచ్చేటోన్ని నేను. సేటుకు ఏం జవాబు చెప్పాలె?"

ఆమె అతని పెదాలు చూసి సగం, ఇన్నేళ్ల అలవాటు మీద సగం అర్థం చేసుకుంది.

"మరి నా చెవులు?"

"వయసు మీద పడుతుంటే అందరికి అంతే. ధ్యాస పెడితే ఇనబడతది."

మూడోరోజు సాయంత్రం పండరి బస్టాండ్ రోడ్డులోని దుకాణం నుంచి పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. అందులో కరెంటు ప్రెషర్ కుక్కర్ ఉంది. నల్లగా, బుడ్డగా, ముందరివైపు బొత్తాలతో కూర్చుంది.

"దీనికి విజిలే లేదు. టైము పెడితే అదే వండి అదే బందైతది. ఇగ నువ్వు ఇనే పనే లేదు," అన్నాడు. మంచి పని చేసినవాడి ముఖంతో నవ్వాడు కూడా.

వందన చెవులకు మందు అడిగితే అతను వంటకు మందు తెచ్చాడు.

అయినా నేర్చుకోక తప్పలేదు. మిల్లు నుంచి ఆరున్నరకు వస్తే ఎనిమిదింటికల్లా కంచాలు పెట్టాలి. కుక్కర్‌తో వచ్చిన పుస్తకంలో ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగు లేదు. యశస్వి ఒకసారి గబగబా బొత్తాలు నొక్కి చూపించి, "గింతే మమ్మీ, సింపుల్," అని వెళ్లిపోయింది. ఆ మాటలూ వందనకు అందలేదు, ఆ వేళ్ల వేగమూ అందలేదు. మొదటిరోజు గ్యాస్ కుక్కర్‌లో పోసినన్ని నీళ్లే పోస్తే అన్నం సంకటి అయింది. రెండోరోజు మూత మీది చిన్న మీట తిప్పడం మరిచిపోతే ఆవిరంతా పైకి పోయి, అరగంటకు కూడా పప్పు గింజ గింజలాగే ఉంది. పండరి కంచం పక్కకు నెట్టాడు. "గింత పెట్టి తెస్తే గిదా వంట?" అన్నాడు. అది మాత్రం ఆమెకు అతని ముఖంలోనే వినబడింది.

చివరికి నేర్పింది పక్కింటి రఫియా. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఇలాంటి కుక్కర్ రెండేళ్లుగా వాడుతోంది. వందన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"అక్కా, ఫికర్ జెయ్యకు. నా మొకం జూడు. బియ్యం గ్లాసుకు నీళ్లు గ్లాసుంబావు. ఎక్కువ ఒద్దు. మూత బిగిసిందో లేదో చెయ్యి పెట్టి చూడు. మీట గిటు తిప్పితే ఆవిరి లోపట్నే ఉంటది. అయిపోయినంక అది కీచుమంటది గానీ..." అని ఆగింది. "అది నీకు ఇనబడదు గదా. నంబర్ల మీద నజర్ పెట్టు. దిగుకుంట వస్తయి. మళ్ల ఎక్కుడు షురూ అయినయంటే వంట అయినట్టే."

వందన మూత బిగించబోయి ఆగింది. "నీకెట్ల తెలుసు, నాకు ఇనస్తలేదని?"

"గోడ అవతలున్నదాన్ని, నాకు తెల్వదా? ఏడాది సంది పిలుస్తున్న. పలుకుతలేవు."

పదిహేను రోజుల్లో వందనకు చెయ్యి తిరిగింది. లోపలి గిన్నెలో పప్పు, దాని మీద చిన్న గిన్నెలో బియ్యం పెట్టి ఒకేసారి వండేది. ఆదివారం కోడికూర, అలిసిపోయిన రోజు పెసరపప్పు కిచిడీ. ఏదీ మాడలేదు. చుట్టాలొస్తే పండరి కుక్కర్ చూపించి, "ఇది వచ్చినంక మా ఇంట్ల రంధి లేదు," అనేవాడు. వండిన మనిషి పక్కనే వడ్డిస్తూ ఉండేది.

కానీ ఇంకొకటి జరిగింది. అంతకుముందు విజిల్ కోసమైనా కూతురు కేకేసేది, భుజం తట్టేది. ఇప్పుడు ఆ అవసరమూ లేదు. ఎనిమిదింటికి అన్నం తయారు. తండ్రీ కూతుళ్లు కంచాల మీద మాట్లాడుకుంటారు. ఆమె ఇద్దరి ముఖాలూ చూసే లోపల మాట వేరేచోటికి పోతుంది. "ఏందట?" అని అడిగితే, "ఏం లేదు," అంటారు.

జూన్ చివర్లో ఒకరోజు మిల్లు నుంచి వచ్చేసరికి గుమ్మం పక్కన కొత్త పెట్టె, చుట్టిన పరుపు కనబడ్డాయి.

"ఎవరివి ఇవి?"

"నావే. ఎల్లుండి నిజామాబాద్ హాస్టల్‌కు పోతున్న గదా. డిగ్రీల సీటొచ్చింది." యశస్వి విసుగ్గా చేతులు తిప్పుతూ గట్టిగా అంది. "వారం కింద నీ ముందలనే డాడీకి చెప్పిన గద మమ్మీ! నువ్వు పప్పు వడ్డిస్తున్నవ్."

వందన పెట్టె పక్కనే నేల మీద కూర్చుంది. తన బిడ్డ ఏ ఊరు పోతోందో, ఏం చదువుతోందో తన ఎదురుగానే తేలిపోయింది. ఆ పూట పప్పు బాగుందని అన్నారేమో కూడా ఆమెకు తెలియదు.

కూతురు వెళ్లిన మరుసటి సోమవారం ఆమె మిల్లుకు పోలేదు. పండరికి చెప్పకుండా రఫియాను తోడు తీసుకుని నిజామాబాద్ చెవుల డాక్టరు దగ్గరికి పోయింది. గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. డాక్టరమ్మ ఒక్కో మాటా నిదానంగా, ఆమెకు ముఖం చూపిస్తూ చెప్పింది.

"మోతకు పోయిన వినికిడి మళ్లీ రాదమ్మా. మొదట్లోనే ఆ పని మానేసి ఉంటే ఉన్నదైనా మిగిలేది. కుడి చెవికి లాభం లేదు. ఎడమ చెవికి మిషన్ పెడితే కొంత వినబడుతుంది. ఇంక మాత్రం మిల్లుకు పోవద్దు."

అదే కాగితం మీద రాసిచ్చింది. దవాఖానలో మిషన్లు ఉచితంగా ఇచ్చే రోజు ఆ కాగితం చూపించాలంది.

సాయంత్రం పండరి దాన్ని రెండుసార్లు చదివాడు. మిల్లు అన్న మాట దగ్గర వేలు పెట్టి ఆగాడు. తర్వాత మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పని బంద్ చెయ్యి, సరే. గానీ మిషన్ పెట్టుకుని బజార్ల తిరుగుతవా? మనమే దండోరా ఏసినట్టయితది."

"కాయితం ఇయ్యి."

"నా దగ్గరుంటది. నీకెందుకు?"

ఆమె ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. వారం తిరగకుండా ఆమె నిలబడే చోట సోనాబాయి అనే మనిషిని పెట్టాడు. ముప్ఫై ఏళ్లుంటాయేమో, నస్రుల్లాబాద్ దగ్గరి తండా నుంచి వస్తుంది. ఆ సంగతి రఫియా చెబితే వందన దూది ఉండ కొంగున కట్టుకుని మధ్యాహ్నం భోజనం వేళకు మిల్లు గేటు దగ్గరికి పోయింది.

"సోనా, గీ దూది చెవులల్ల పెట్టుకో. లేకుంటే నా తీరుగైతవ్. ఇంకో పని దొరికితే గిది ఇడిసిపెట్టు."

సోనాబాయి డబ్బా మూత పెడుతూ ఆమె వైపు చూసింది. "ఇంకో పని యాడున్నదక్కా? ఇల్లు గడవాలె గదా," అంది. దూది తీసుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆమె చూపు వందన భుజం మీదుగా వెనక్కి పోయింది.

వందన తిరిగి చూసింది. పండరి మిల్లు మెట్ల మీద నిలబడి ఏదో అరుస్తున్నాడు. నోరు తెరుచుకోవడం, మూసుకోవడం కనబడుతోంది. సోనాబాయి తల దించుకుని లోపలికి నడిచింది. వందన దూదిని గేటు పక్క గోడ మీద పెట్టి వచ్చేసింది.

ఆ సాయంత్రం పండరి ఇంట్లో తినలేదు. తర్వాత వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. అలిగాడన్న సంగతి వందనకు తెలియడానికే నాలుగు రోజులు పట్టింది.

ఐదోరోజు పొద్దున ఆమె ఒక్కతే నిజామాబాద్ బస్సెక్కింది. డాక్టరమ్మతో కాగితం మళ్లీ రాయించుకుంది. ఈసారి దాన్ని ఇంటికి తేలేదు. రఫియా కుట్టుమిషన్ సొరుగులో, దారపు ఉండల కింద పెట్టి, సొరుగు తనే మూసింది.