వీపు తిప్పి వాయించే మనిషి

మా శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చిన మరుసటి ఏడాది నాకు అందులోనే ఉద్యోగం దొరికింది. చెక్-ఇన్ కౌంటర్ వెనక కూర్చుని, బరువు ఎక్కువైన పెట్టెల్లోంచి పచ్చడి డబ్బాలు బయటికి తీయించడం నా పని. ఎంత తిట్టినా నవ్వుతూనే ఉండాలని ట్రైనింగులో నేర్పారు. బహుశా అందుకేనేమో, ఎప్పుడూ నవ్వని ఒక మనిషికి అభిమానినయ్యాను.

ఆయన హైదరాబాద్‌లో ఒక రాక్ బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాడు. బేస్ అంటే లావు తీగల గిటార్. వాయిస్తుంటే ఎవరూ పట్టించుకోరు, ఆపేస్తే మాత్రం పాటలోంచి ఏదో పోయినట్టుంటుంది. బ్యాండు పాటలన్నీ తెలుగులో ఆయనే రాసేవాడు. పాడేది ఇంకొకరు కాబట్టి పేరూ చప్పట్లూ ఆ ఇంకొకరివి. మావాడు నల్లచొక్కా వేసుకుని, జనానికి వీపు తిప్పి నిలబడి వాయించేవాడు. పాట అయిపోయాక కూడా ఇటు తిరిగేవాడు కాదు.

అభిమానులకు ఇంటర్నెట్‌లో ఒక గ్రూపుండేది. అందులో నోరున్నవాళ్ళం ముగ్గురం. గ్రూపును నడిపేది ఒక గడ్డపాయన. కోస్తా నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రాజేంద్రనగర్‌లో అద్దెకుండేవాడు. రెండోవాడు మైలార్‌దేవ్‌పల్లిలో మొబైల్ రీచార్జి దుకాణం నడిపే కుర్రాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు తమ్ముడు. ఆదివారాలు నా డ్యూటీ దిగాక శంషాబాద్‌లో హైవే పక్కనున్న చాయ్ హోటల్లో ముగ్గురం కలిసేవాళ్ళం. లోకంలో ఇంక ఏ సమస్యా లేనట్టు, ఆయన రాసిన వాటిలో ఏది గొప్ప పాట అని కొట్టుకునేవాళ్ళం.

మొదటి ఆల్బమ్‌లో, నీళ్ళ ట్యాంకర్ కోసం బిందె పట్టుకుని నిలబడ్డ మనిషి పాట ఒకటుంది. గడ్డపాయన దృష్టిలో తెలుగు భాష పుట్టింది ఆ పాట కోసమే. ట్యాంకర్ అంటే ట్యాంకర్ కాదట, నేటి మనిషి ఎదురుచూస్తున్న అర్థమట. తమ్ముడు ఒప్పుకునేవాడు కాదు. వాడికి రెండో ఆల్బమ్‌లో ఫ్లైఓవర్ కింద బతికేవాళ్ళ మీద రాసిన పాటే పాట, తక్కినవన్నీ దానికి రిహార్సల్సు. నాకు రెండూ ఇష్టమే. కానీ అభిమాన సంఘాల్లో అలాంటివాళ్ళకు మర్యాద ఉండదు గనక వారం వారం పక్షం మార్చేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం మాకు తగాదా లేదు. రెండో ఆల్బమ్ చివర ద్రాక్షతోట మీద ఒక నిదానమైన పాటుంది. అది చెత్త అని ముగ్గురం చాయ్ మీద ప్రమాణం చేశాం.

ఆ వీపు సంగతి ఇంకా పెద్ద చర్చ. అది మార్కెట్టును తిరస్కరించడమని గడ్డపాయన ఒక వ్యాసమే రాశాడు. "గట్లేం కాదన్నా, ఆయనకు సిగ్గు" అనేవాడు తమ్ముడు. సిగ్గు అనే మాట వినగానే గడ్డపాయన చాయ్ కప్పు పక్కకు జరిపేవాడు.

ఇలా రెండేళ్ళు సుఖంగా కొట్టుకున్నాక మా మేనత్త కూతురి పెళ్ళి వచ్చింది. విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి మా చుట్టుపక్కల పంట మారింది. జొన్న వేసిన చేలల్లో ఫంక్షన్ హాళ్ళు మొలిచాయి. అలాంటి ఒక హాల్లో, పహాడీ షరీఫ్ పోయే దారిలో, పగటిపూట పెళ్ళి. డీజే అందరూ పెట్టిస్తున్నారనీ, మనది జర వేరే ఉండాలనీ మా అత్త పట్టుబట్టి ఏదో బ్యాండును మాట్లాడించింది. తలంబ్రాలు అయ్యాక నేను స్టేజీ వైపు చూశాను. మగపెళ్ళివారితో సమానంగా నలుగురు గులాబీరంగు తలపాగాలు పెట్టుకుని సినిమా ట్యూన్లు వాయిస్తున్నారు. ఆ చివరివాడి వీపు నాకు బాగా తెలిసిన వీపు.

నేను గుర్తుపట్టి నోరు తెరిచేలోపే మా అత్త స్టేజీ దగ్గరికి పోయింది.

"ఇటు తిరుగు బిడ్డా. సుట్టాలకు వీపు సూపెడ్తరా ఎవలన్న?"

ఆయన తిరిగాడు. తిరిగి, తలపాగా సర్దుకుని, మా చుట్టాలందరినీ చూసి నవ్వాడు కూడా. మార్కెట్టును తిరస్కరించిన మనిషి మా అత్తను తిరస్కరించలేకపోయాడు.

నేను వెంటనే మావాళ్ళిద్దరికీ ఫోన్ చేశాను. గడ్డపాయన మొదట నమ్మలేదు, తర్వాత బాధపడ్డాడు, ఆ తర్వాత ఆటో ఎక్కాడు. తమ్ముడైతే దుకాణం షట్టర్ దించి వచ్చేశాడు. పిలవని పెళ్ళి కదా అని గుమ్మం దగ్గర నసుగుతుంటే మా అత్త ఇద్దరికీ బొట్టు పెట్టి బంతిలో కూర్చోబెట్టింది. వాళ్ళ ఎదురుగా, బగారన్నం మటన్ తింటూ, మా ఆరాధ్యదైవం.

నేను పరిచయం చేశాను. తన పాటలకు అభిమానులున్నారని తెలిసి ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. గడ్డపాయన గొంతు సవరించుకుని, స్టేజీ మీద జనానికి వీపు ఎందుకు తిప్పుతారని అడిగాడు. వ్యాసం రాసినవాడు కదా, జవాబు తెలిసే అడిగాడు.

"మా డ్రమ్స్ కొట్టే తమ్ముడు ఉరుకుతడన్నా" అన్నాడాయన. "ఆయన మొకం చూసుకుంట వాయిస్తెనే జర కంట్రోల్ల ఉంటడు. లేకుంటే పాట మాకంటే ముందే ఖతమైతది."

గడ్డపాయన ఓడిపోయాడని తమ్ముడు సంబరపడబోయాడు. కానీ అతను అంత సులువుగా దొరికే మనిషి కాదు. "అంటే లయతో ఒక నిరంతర సంభాషణ అన్నమాట" అన్నాడు. ఆయన నములుతూ తలూపాడు. ట్యాంకర్ గురించి అడిగితే, ఆ ఎండాకాలం వాళ్ళ కాలనీకి ట్యాంకర్ నిజంగనే రాలేదన్నాడు. దానికీ గడ్డపాయన సంతోషించాడు. గొప్ప కవిత్వమంతా ఇలా మామూలు కష్టంలోంచే పుడుతుందట.

ఇక అడగాల్సింది తమ్ముడు అడిగాడు. "అన్నా, మీరు రాసిన పాటల్ల మీకు ఏది మంచిగనిపిస్తది?"

ఆయన తినడం ఆపాడు. "ద్రాక్షతోట పాట."

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. గడ్డపాయన చాలా మృదువుగా, చెడ్డ వార్త చెప్పే డాక్టరులా ముందుకు వంగాడు.

"అది మీ స్థాయి పాట కాదండీ."

"రాసింది నేనే గదన్నా."

"రాయడం వేరండీ, అర్థం చేసుకోవడం వేరు."

"అవునన్నా" అన్నాడు తమ్ముడు. "అది జర డల్లుంటది."

మా గ్రూపు చరిత్రలో వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడి ఎదుటివాడితో పోట్లాడడం అదే మొదలు. ఆ ఎదుటివాడు పాట రాసినవాడే కావడం ఒక్కటే ఇబ్బంది. మాట్లాడని మనిషని పేరున్న ఆయన అప్పుడు మొదలుపెట్టాడు. వాళ్ళ నాయన ఇక్కడి ద్రాక్షతోటల్లోనే పనిచేశాడట. తీగలకు పురుగుమందు కొట్టి వచ్చిన బట్టల వాసన పాటలోకి తేవడానికి తనకు ఏడాది పట్టిందట. రెండో చరణంలో ఒక మాట కోసం ఎన్ని మాటలు కొట్టేశాడో అవన్నీ చెప్పాడు. చేతికంటిన అన్నం ఎండిపోయింది, వడ్డించేవాళ్ళు రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయారు, ఆయన ఆపలేదు. నాకు జాలేసింది. ఆ మాటలు విన్నాక ఆ పాట నచ్చుతుందేమోనని ఇంటికి వెళ్ళి మళ్ళీ విన్నాను. డల్లుగానే ఉంది.

లేచేముందు ఆయన గొంతు తగ్గించి నన్నొక మాట అడిగాడు. "చెల్లె, ఈ తలపాగ ఫొటోలు ఏడ పెట్టకుండ్రి. జర ఇమేజ్ ఖరాబైతది." మార్కెట్టుతో ఏ సంబంధమూ లేని మనిషి నోట ఆ మాట విని గడ్డపాయన కళ్ళు మూసుకున్నాడు.

మేం పెట్టలేదు. పెళ్ళి వీడియో తీసినవాడు పెట్టాడు, తన పనితనానికి ప్రచారంగా. గులాబీ తలపాగాలో నవ్వుతున్న మా బేసిస్టును, రెండు ఆల్బమ్‌లు కలిపి విన్నవాళ్ళకంటే ఎక్కువమంది చూశారు. ఆయన అమ్ముడుపోయాడని గ్రూపులో కొందరు శాపనార్థాలు పెట్టారు. అది పెళ్ళి సంస్కృతి మీద వ్యంగ్యమని గడ్డపాయన ఇంకో వ్యాసం రాశాడు. శంషాబాద్ చుట్టూ ఉన్న ఫంక్షన్ హాళ్ళవాళ్ళు మాత్రం వ్యాసం చదవకుండానే ఆయనకు ఫోన్లు చేశారు.

తర్వాత ఏడాదికి బ్యాండు విడిపోయింది. పాడేవాడు సినిమాల్లో ప్రయత్నిస్తానని పోయాడు. డ్రమ్స్ తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగమొచ్చింది, రైలుకంటే ముందే చేరి ఉంటాడు. మావాడు పెళ్ళిళ్ళతో తీరిక లేకుండా అయ్యాడు. ఇంటికి రంగు వేయించాడు, కాస్త ఒళ్ళు చేశాడు, ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ చూసి నవ్వడం అలవాటు చేసుకున్నాడు. పాటలు రాయడం మానేశాడు. అది మాకు చాలా వీలుగా ఉండేది, చర్చకు కొత్త సరుకు వచ్చి గొడవపెట్టే భయం లేదు.

ఆ రోజుల్లోనే గ్రూపులోకి ఒక కొత్త సభ్యుడు వచ్చాడు. బొమ్మ లేదు, ఊరు లేదు. ద్రాక్షతోట పాటంత గొప్ప పాట ఈ దేశంలో రాలేదని పొద్దునా సాయంత్రం రాసేవాడు. రెండో చరణం గురించి అతనికి తెలిసినన్ని సంగతులు నాకు ఇంకొక్కరి నోటే విన్న గుర్తు. నేను నోరు మూసుకుని చదువుతూ కూర్చున్నాను. గడ్డపాయన నాలుగైదు సార్లు ఓపిగ్గా జవాబిచ్చి, చివరికి "మీకు ఆయన రచన అర్థం కాలేదు" అని రాసి అతణ్ణి గ్రూపులోంచి తీసేశాడు.

మర్నాడు నాకు ఫోనొచ్చింది.

"చెల్లె, మీ గడ్డపన్నకు జర నువ్వన్న చెప్పు."

చెప్పాను. గడ్డపాయన కాసేపు ఆలోచించాడు. "ఆయనైతే మాత్రం ఏంటండీ, గ్రూపుకి నియమాలుంటాయి కదా" అన్నాడు. తమ్ముడు మధ్యవర్తిగా కూర్చుని బతిమాలితే, ఆ పాట ఊసెత్తకూడదనే షరతు మీద మళ్ళీ చేర్చుకున్నాడు. ఆయన ఒప్పుకున్నాడు, మాట తప్పలేదు కూడా. మేం రాసిన వాటి కింద అప్పుడప్పుడు "బాగుంది" అని మాత్రం రాసేవాడు. దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

తెలంగాణ వచ్చిన ఏడాది, నగరంలో పాత రాక్ బ్యాండ్ల మీద వ్యాసం వేస్తూ ఒక పత్రికవాళ్ళు ఆయన్ని పలకరించారు. అభిమానుల గురించి అడిగితే, "నా పాటలు నాకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు" అన్నాడట. ఆ మాట ఆయన ఏ గొంతుతో అని ఉంటాడో నేను ఊహించుకోగలను. గడ్డపాయన మాత్రం ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించి తన ఇంటి హాల్లో తగిలించుకున్నాడు.