ముందే చెప్పని మాట

నా భార్య పీహెచ్‌డీ పరిశోధన తెలంగాణ వంటిళ్ళ మాటల మీద. నేను అనంతపురం నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కోడింగ్ కూలీని. తను పోగుచేసిన మాటలన్నిటికీ వెబ్‌సైట్ చేసిపెట్టమంటే, ఎంతసేపు పని అనుకున్నాను. బుద్ధి తక్కువై.

యూనివర్సిటీ ఇచ్చిన సర్వర్, ఉన్న పేజీలు చూపించడమే తప్ప అడిగినప్పుడు కొత్తది వండిపెట్టదు. ఏయే మాటకు పేజీ కావాలో నేను ముందే జాబితా రాసి, అన్నీ ఒక్కసారే తయారుచేయించి పంపాలి. దాన్నే స్టాటిక్ ఎక్స్‌పోర్ట్ అంటాం. జాబితాలో లేని మాటకు పేజీ ఉండదు. అందుకే మాటలన్నీ అయ్యాకే ఇవ్వమని బతిమాలాను. ఆమె లాలాపేట్‌లో కూరగాయలు కొంటూ ఒకటి, బస్సులో ఒకటి పట్టుకొచ్చి మళ్ళీ మొదలుపెట్టమనేది. "భాష నీ కోసం ఆగుతదా?" అని పైగా నాకే పాఠం.

ఒళ్ళు మండి, లేని మాట వెతికితే వచ్చే పేజీలో "ఈ మాట మాకింకా తెలియదు. తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి" అని రాశాను. చూసి కస్సుమంది. వైవాలో ఎవరైనా చూస్తే పరువు పోతుంది, తీసెయ్యమంది. సరేనన్నాను గానీ తీయలేదు.

వైవా రోజు క్యాంపస్‌కి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. పరీక్షించడానికి వచ్చిన తలనెరిసిన పెద్దాయన సైట్ తెరిచి, వెతికేచోట 'గురిగి' అని కొట్టాడు. గోడ మీది తెరపై నా వెటకారం ప్రత్యక్షమైంది. ఆమె మొహం పాలిపోయింది. ఇన్నేళ్ళ ఆమె చాకిరీ నా కొంటెతనానికి బలైపోయిందనుకున్నాను.

ఆ మాట ఎందుకు లేదని ఆయన అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"మా ఇంట్ల రోజూ అనే మాట సార్. రాయాల్నని తోచనే లేదు."

"చిన్న మట్టికుండమ్మా. మా అమ్మ దాంట్లనే పెరుగు తోడుపెడుతుండె. అమ్మ పోయినంక ఆ మాట నా చెవిన పడలే," అన్నాడాయన.

ఆ తర్వాత అడిగినవాటికి ఆమె తడబడకుండా జవాబిచ్చింది. డాక్టరేట్ ఇస్తున్నామని అక్కడే చెప్పారు.

ఇంటికొచ్చి, పట్టుచీరైనా మార్చుకోకుండా నా పక్కకు కుర్చీ లాక్కుంది. గురిగి చేర్చి సైటంతా మళ్ళీ తయారుచేయమంది. వెంటనే చేశాను. పనిలో పనిగా ఆ వెటకారపు పేజీ తీసేయబోతే చెయ్యి పట్టుకుంది.

"అది ఉండనియ్యి," అన్నది. "ఇంకా ఎంతమంది అమ్మల మాటలు రావాల్నో."