చింతపండు పెట్టిన మువ్వలు

పోయిన నెలలో మా అమ్మ మమ్మల్ని చూడటానికి నాయుడుపేటకు వస్తూ, పాత పట్టుగుడ్డలో చుట్టి నా చిన్ననాటి కాలిపట్టీలు తెచ్చింది. కంసాలి చేత మెరుగు పెట్టించి, ఒకటో తరగతికి పోతున్న నా కూతురి కాళ్లకు సరిపోయేట్టు కొలత తగ్గించి, కొత్త మరలు వేయించి మరీ తెచ్చింది. మా అత్తగారు వాటిని చూసి మురిసిపోయారు. "మా కాలంలో పిల్ల యాడుండాదో చూసే పనే లేదమ్మా, చెవుంటే చాలు" అంటూ తన చేతులతోనే మనవరాలి కాళ్లకు తొడిగి మరలు బిగించారు. పిల్ల ఇల్లంతా ఘల్లుఘల్లుమని ఒక చుట్టు చుట్టి వచ్చి, వంటింట్లో పీట మీద కాలు పెట్టి, ఒక్కో మువ్వనూ వేలితో కదిలించి చూసి, "అమ్మా, ఇదొకటి పలకడం లేదు, దీనికి మాటలు రావా?" అని అడిగింది.

అది ఎందుకు పలకదో నాకు తెలుసు. తెలిసే, పోపు మాడుతోందని చెప్పి పిల్లను బయటికి పంపేశాను.

మన ఈడు వాళ్లు నలుగురు కలిస్తే చాలు, చిన్నతనం మాట ఎత్తి, ఆ రోజులే వేరు అని నిట్టూరుస్తారు. అదేదో పంచదార పానకంలో నానబెట్టి దాచుకున్న కాలమైనట్టు మాట్లాడతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజులు వేరే, కాదనను. పిల్ల నిద్రపోయాక, లాంతరు వత్తి తగ్గించుకుని ఇదంతా రాయడానికి కూర్చున్నది వాటిని పొగడటానికి మాత్రం కాదు.

మా ఊరు అల్లూరుకు తూర్పున. ఊరికీ సముద్రానికీ మధ్య బకింగ్‌హాం కాలువ. మద్రాసుకు ఉప్పు, సరుగుడు కట్టెలు వేసుకుపోయే పడవలు ఆ కాలువలోనే పోయేవి. గాలి పడిపోతే పడవవాళ్లు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి లాక్కుంటూ నడిచేవాళ్లు. అట్లా తరాల తరబడి నడిచీ నడిచీ ఆ బాట మా ఇంటి అలికిన నేలకంటే గట్టిగా, నున్నగా అయిపోయింది. సముద్రపు ఇసకలో కాలు దిగబడుతుంది, వరిచేల గట్ల మీద కాలు జారుతుంది, కాళ్లను నమ్మి పరిగెత్తగలిగిన నేల మా ఊళ్లో అదొక్కటే. నేను బడికి పోయే దారి కూడా చాలా దూరం ఆ బాటే.

నేను థర్డ్ ఫారంలో, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడికి డ్రిల్లు నేర్పడానికి కొత్తగా ఒక టీచరమ్మ వచ్చింది. నెల్లూరు మనిషి, కిరస్తానీ ఆమె. తెల్లచీర కొంగు నడుముకు బిగించి, మెడలో ఈల వేసుకుని నిలబడితే మాకు భయమేసేది. మొదటి రోజే ఆడపిల్లలందరినీ బడి ఆవరణ చుట్టూ పరిగెత్తమంది. నేను సగం దూరం కూడా పోలేదు. డొక్కలో పోటు వచ్చి, కూలబడి, పొద్దున తిన్న చద్దన్నం అంతా అక్కడే కక్కాను. ఆమె వచ్చి నా ముందు నిలబడింది. చెయ్యి అందివ్వలేదు. "లెయ్. ఇంట్లో బాగానే మేపినారు, తిప్పేదే మర్చిపోయినారు" అంది. చెట్టు కింద నిలబడ్డ మగపిల్లలతో సహా అందరూ నవ్వారు.

ఆ మాటతో నా పరుగు మొదలయింది. ఇష్టంతో కాదు, ఆమె నోరు మూయించాలని. మర్నాటి నుంచి బడికి పెందలాడే బయలుదేరి, ఊరు దాటగానే పావడా కుచ్చెళ్లు ఎత్తి నడుములో దోపి, పుస్తకాల సంచి గుండెకు అదుముకుని పరిగెత్తేదాన్ని. కాలువ గట్టు మీద చేలలో ఎక్కువైన నీళ్లు కాలువలోకి వదిలే తూములుండేవి. ఒక తూము నుంచి ఇంకో తూముదాకా పరుగు, ఆపైన ఇంకో తూముదాకా నడక. మొదట్లో పరుగు తూము అందేలోపే గొంతు ఎండిపోయి, పిక్కలు రాళ్లయిపోయి, గట్టు మీదే చతికిలబడి ఆమెను తిట్టుకునేదాన్ని. తాడు లాగే పడవవాళ్లకు నేనొక వేడుక. "ఏం పాపా, మా తాడు గూడా అందుకో, మద్రాసు దాకా లాక్కోని పోదువు" అని ఒకడంటే, "ఎవురు తరుముతా ఉండారమ్మే, ఎద్దా, మొగుడా?" అని ఇంకొకడు. వాళ్లను కూడా తిట్టుకునేదాన్ని. తిట్టుకుంటూ పరిగెత్తితే ఊపిరి త్వరగా అయిపోతుందని తెలిశాక, తిట్లు నడక తూముల మధ్యకు వాయిదా వేసుకున్నాను.

కొన్నాళ్లకు డొక్కలో పోటు తగ్గింది. రెండు తూములు ఆగకుండా పోగలిగాను, తర్వాత మూడు. టీచరమ్మ నన్ను మెచ్చుకోలేదు గానీ చూడటం మొదలుపెట్టింది. నోటితో గాలి మింగొద్దని ఒకరోజు, వెనక్కి తిరిగి చూడొద్దని ఇంకోరోజు విసుక్కుంటూనే చెప్పేది. "గుప్పిట్లు అంత బిగించినావేందే, ఎవుర్ని కొట్టబోతా ఉండావు?" అని ఒకసారి అడిగింది. నిన్నే, అని మనసులో అనుకున్నాను. ఆ వారమే, నెల్లూరులో బడుల పోటీలకు ఎవరిని తీసుకుపోవాలో తేల్చే పరుగులో నేనూ ఉండాలని చెప్పింది. నెల్లూరు! పెళ్లిళ్లకు తప్ప మా ఇంటి ఆడపిల్లలెవరూ చూడని నెల్లూరుకు, కాళ్లున్నందుకు పోవడం! అప్పటిదాకా ఆమె మీద కోపంతో పరిగెత్తిన నాకు, ఆ రోజు నుంచి నెల్లూరు తప్ప ఇంకేదీ కనిపించలేదు.

అడ్డం మా ఇంట్లోనే ఉంది. మా నాయన తల్లిని మేము జేజి అనేవాళ్లం. మా ఇంట్లో ఆడపిల్లకు నడక వచ్చిన దగ్గర్నుంచి అత్తారింటికి పోయేదాకా మువ్వల పట్టీలు కాళ్లకుండి తీరాలి. జేజి వసారాలో నులకమంచం మీద కూర్చుని, ఆకూవక్కా నములుతూ, శబ్దాన్ని బట్టే ఏ పిల్ల ఎక్కడుందో, నడుస్తోందో నిలబడిందో చెప్పేది. ఒక సాయంత్రం నేను గడప దాటీ దాటకముందే, "ఈపొద్దు గట్టు మీద నుంచి ఉరుక్కుంటా వచ్చినావే" అంది. లేదన్నాను. "మువ్వలు అబద్ధం చెప్పవు. ఆడపిల్ల నడిస్తే ఎవురూ అడగరు, ఉరికితే ఊరంతా ఎందుకురికిందని అడగతాది. ఇంగ ఉరికినావంటే బడి మానిపిస్తా" అంది. మా నాయన పక్కనే పేపరు చదువుకుంటూ తల ఎత్తలేదు.

మర తిప్పి పట్టీలు తీసేస్తే దారిలో ఎక్కడ పోగొట్టుకుంటానోనని భయం. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. వంటింటి జాడీలోంచి చింతపండు ముద్ద దొంగిలించి, దారిలో ఒక్కో మువ్వ సందులోనూ కూరేదాన్ని. జిగురుగా పట్టుకుని ఊడిపోదు, మువ్వ కిక్కురుమనదు. సాయంత్రం ఇల్లు చేరేముందు కాలువలో కాళ్లు పెట్టి, పుల్లతో గీకి కడిగేసుకుంటే మళ్లీ ఘల్లుఘల్లు. ఎంత తెలివైనదాన్నని నా వీపు నేనే చరుచుకున్నాను. మీలో గిన్నెలు తోమిన వాళ్లంతా ఇప్పటికే నవ్వుతుంటారు. వెండీ ఇత్తడీ మనం తోమేది దేనితో? రోజూ చింతపండు పెట్టి రోజూ కడిగితే ఏమవుతుంది? అంట్లు తోమి తోమి చేతులు కాయలు కాచిన నాకే ఆ సంగతి తట్టలేదు.

శనివారం తలంటు. నాకు నూనె పెట్టి నలుగు రుద్దేది జేజే. తల, వీపు అయ్యి, కాళ్ల దగ్గరికి వచ్చి ఆమె చెయ్యి ఆగింది. "ఏమ్మే, గొలుసు చూస్తే నల్లంగా ఉండాది, మువ్వలు మాత్రం పెండ్లికూతురు మాదిరి మెరస్తా ఉండాయే?" అంది. గోటితో ఒక మువ్వ సందులో గీరి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "కాళ్లకు పులుసు పెట్టుకోని యాడికి పోతా ఉండావే?"

కొట్టలేదు. కొడితే మర్చిపోయేదాన్నేమో. ఆ సాయంత్రమే కంసాలిని పిలిపించి, ఉన్న మువ్వల కింద ఇంకో వరస మువ్వలు వేయించింది. మర తిరగకుండా వెండి కరిగించి మాటు పెట్టించింది. అతను నా కాళ్లకు తడిగుడ్డ చుట్టి ఊదుగొట్టంతో మంట ఊదుతుంటే, మా అమ్మ దీపం పట్టుకుని నిలబడింది. సందుల్లో ఇంకా మిగిలి ఉన్న చింతపండంతా జేజి తవ్వి తీయించింది గానీ, ఒక మువ్వలోది గట్టిపడి లోపలే ఉండిపోయింది. నా కూతురు అడిగిన మాటలు రాని మువ్వ అదే.

పోటీకి పిల్లల్ని ఎంచే రోజున నేను ఆ రెండు వరసల మువ్వలతోనే నిలబడ్డాను. అడుగు వేయగానే మగపిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. "గంగిరెద్దొచ్చిందిరోయ్" అని ఒకడు నోటితో సన్నాయి ఊదాడు. టీచరమ్మ ఈల వేసి అందర్నీ ఆపి, మోకాళ్ల మీద కూర్చుని, జడపిన్నుతో మర తిప్పబోయింది. మాటు చూసి నా ముఖంలోకి చూసింది. తన తువ్వాలు చించి రెండు కాళ్లకూ చుట్టింది. పరుగు సగానికి వచ్చేసరికి ఆ గుడ్డ ఊడి వెనక ఈడుస్తూ వచ్చింది. నేను వెనక్కి చూడలేదు. అంత గోలలో, అంత ఏడుపులో, అందరికంటే ముందు నేనే వచ్చాను.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. వసారా మెట్టెక్కనివ్వకుండా వాకిట్లోనే పీట వేయించింది జేజి. అమ్మ నీళ్లు తెచ్చి చేతికివ్వకుండా నేల మీద పెట్టింది. మన ఇళ్లల్లో అట్లాంటివి ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేవి. టీచరమ్మ కూర్చోలేదు, నీళ్లు ముట్టలేదు. తానే వెంట ఉండి తీసుకుపోయి తీసుకొస్తానని, రెండు రోజులకు పిల్లను ఇవ్వమని అడిగింది.

"మీలో ఆడోళ్లు ఉరకతారేమో, మాలో నడస్తారమ్మా" అంది జేజి.

"ఆ నడిచేది గూడా మీ చెవులకు ఇనపడాల్నా అవ్వా?" అంది ఆమె.

"ఇనపడాల. నా ఇంటి పిల్ల."

టీచరమ్మ వెళ్లిపోయింది. నెల్లూరుకు నా వెనక వచ్చిన పిల్ల పోయింది. ఆ తర్వాత టీచరమ్మ నాతో పరుగు మాట ఎత్తలేదు. పై ఏడు బదిలీ అయి వెళ్లిపోయింది. ఆమె మీద కూడా నాకు కోపమే. ఇంకొక్కసారి వచ్చి అడిగి ఉండొచ్చు.

నేను మాత్రం పరుగు మానలేదు. వినాలనుకున్నది కదా, విననీ అనుకున్నాను. ప్రతి సాయంత్రం బడి నుంచి గట్టు మీదుగా, ఊరి నడివీధిలోంచి, రెండు వరసల మువ్వలూ మోగించుకుంటూ, కావాలని మడమలు గట్టిగా కొడుతూ, జేజి మంచం ముందు దాకా పరిగెత్తి వచ్చి ఆగేదాన్ని. ఊరు ఎందుకని అడిగితే అడిగింది. బడి మానిపిస్తానన్న మనిషి ఎందుకో మానిపించలేదు. కాలేజీకి నెల్లూరు హాస్టలులో చేరేముందు కంసాలి వచ్చి పట్టీలు కోసి తీసేదాకా అట్లాగే పరిగెత్తాను. పోటీ అన్నది మళ్లీ నా జీవితంలోకి రాలేదు. నేను కాలేజీలో ఉండగానే జేజి పోయింది.

పట్టీలు ఇచ్చిన రోజు మా అమ్మ ఒక మాట చెప్పింది. "నువ్వు బడి నుంచి వచ్చే పొద్దుకి మీ జేజి ఎవుర్నీ మాట్లాడనిచ్చేది కాదు తెలుసా? తూము దాటింది, గట్టు దిగతా ఉంది, ఇదిగో వీధిలోకి వచ్చేసింది అని చెప్తా కూర్చోనేది. నీ మీద పేణం ఆమెకు" అంది. కాపలా కుక్కకు కూడా చెవులుంటాయమ్మా అన్నాను. అమ్మ చిన్నబుచ్చుకుంది. బుచ్చుకోనీ. దీపం పట్టుకుని నిలబడ్డ మనిషి ఇప్పుడొచ్చి నాకు పేణం సంగతి చెప్పనక్కర్లేదు.

అయితే మా ఇల్లు మద్రాసు ట్రంకు రోడ్డుకు నాలుగిళ్ల లోపల. పగలంతా లారీలు. పిల్లకు పట్టీలు పెట్టినప్పటి నుంచి నేను వంటింట్లోంచి కదలకుండానే, ఇప్పుడు బావి దగ్గర, ఇప్పుడు వసారాలో, ఇప్పుడు గేటు దగ్గర అని వింటూ పని చేసుకోవడం అలవాటయింది. శబ్దం ఆగితే నా చేతిలో గరిటె ఆగేది. ఎంత హాయిగా ఉండిందో, అంత అసహ్యంగానూ ఉండింది.

మొన్న వాళ్ల బళ్లో చిన్నపిల్లలకు పరుగు పందెం ఉందని, పట్టీలు తీసి పంపితేనే పరిగెత్తనిస్తామని టీచరు చెప్పి పంపింది. ఇంకా చిన్నపిల్ల కదా, ఈ ఏడు వద్దులే అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అత్తగారు కాదు, నేనే. ఆ రాత్రి అన్నం తినిపిస్తూ పిల్లకు మూగమువ్వ కథ చెప్పాను. బాగా నవ్వింది. నవ్వి, చెయ్యి చాచి, "అయితే నాకు కూడా అన్నిట్లో చింతపండు పెట్టమ్మా" అంది.

ఈ పొద్దున నడవలో అందరి ముందూ కూర్చోబెట్టి మరలు తిప్పి పట్టీలు తీసేశాను. "వట్టికాళ్లతో ఆడపిల్లను వీధిలోకి పంపేదేందమ్మా, ఆ పరుగు ఎవురికి కావాల?" అన్నారు అత్తగారు. "నాకు కావాలి" అన్నాను. పెళ్లయి వచ్చాక ఆమెకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. ఇంకా చాలా అన్నాను, ఆమె కూడా అన్నారు, ఇప్పటికీ మాటల్లేవు మా మధ్య.

పిల్ల గడప దాటి పరిగెత్తింది. నేను వంటింట్లో గరిటె పట్టుకుని విన్నాను. ఏమీ లేదు. లారీ హారను తప్ప ఏమీ లేదు. సాయంత్రం రెండు మోకాళ్లూ దోక్కుపోయి వచ్చి గేటులో నిలబడి, పడ్డానని, అందరికంటే చివర వచ్చానని, రేపు కూడా పరిగెత్తుతానని చెప్పిందాకా నాకు ఏ సంగతీ తెలియలేదు.

ఆ రోజులకూ ఈ రోజులకూ ఏం మారిందంటే, మర తిరుగుతోంది. తిప్పే చెయ్యి నాదైంది. చెవి మాత్రం జేజిదే. పక్కగదిలో పిల్ల నిద్రలో కాళ్లు ఆడిస్తూనే ఉంటుంది, ఎప్పుడూ ఆడిస్తుంది. శబ్దం లేదు. ఇప్పటికే రెండుసార్లు లేచి వెళ్లి చూసి వచ్చాను.