బడంగ్‌పేట్ షెడ్‌లో మూడుసార్లు మూసుకున్న తలుపు

దయ్యాలంటూ ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. అమావాస్య నాడు మా అత్తగారు గుమ్మానికి నిమ్మకాయ కడితే, తెల్లారేసరికి దాన్ని విప్పి పులిహోరలో పిండేసే రకం నేను. ఇప్పటికీ నమ్మను. కాబట్టి ఇది చదివి ఫలానా స్వామీజీ దగ్గరికి వెళ్లమని సలహాలు చెప్పే పని ఎవరూ పెట్టుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో కొత్తపేట వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను పళ్ల మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో బిల్లింగ్ చేసేదాన్ని. మార్కెట్‌ను అక్కణ్ణుంచి ఎత్తేశాక నా ఉద్యోగం కూడా లేచిపోయింది. కొన్నాళ్లు ట్యూషన్లు చెప్పాను. ఇంకొన్నాళ్లు ఇంట్లో కూర్చుని అందరి మీదా అరిచాను. ఆ రోజుల్లోనే దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లరు మీద ఒక పోస్టర్ చూశాను. సీఎన్‌సీ నేర్చుకోండి, ఉద్యోగం ఖాయం అని.

సీఎన్‌సీ అంటే ఏంటో అప్పుడు నాకు తెలీదు. మనం రాసిచ్చిన ప్రోగ్రామ్ ప్రకారం ఇనుమును తనంతట తనే కోసే యంత్రం. మధ్యలో ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతుంటే పక్కనుంచి పదునైన టూల్ వచ్చి చెక్కుతుంది. ఆడవాళ్లు కూడా చేస్తున్నారని చెప్పారు. ముప్పై దాటాక ఇదేం చదువని మా ఇంట్లో నవ్వారు. నవ్వారు కాబట్టే చేరాను.

క్లాసులు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గాజుల షాపు పైన. ప్రాక్టికల్స్ బడంగ్‌పేట్‌లో ఒక రేకుల షెడ్‌లో, అక్కడికి అందరం నీలం యూనిఫాం షర్ట్ వేసుకుని వెళ్లాలి. నడిపేది ఒకాయన, అందరం సార్ అనేవాళ్లం. పేరు రాయను. రాస్తే నా మీదే కేసు పెడతాడు, అలాంటి మనిషి.

మొదట్లో ఆ చదువు భలే నచ్చింది. జీ సున్నా అంటే టూల్ గాల్లో వేగంగా వెళ్లడం, జీ ఒకటి అంటే కోసుకుంటూ నెమ్మదిగా వెళ్లడం. ఎం మూడు అంటే తిరుగు, ఎం అయిదు అంటే ఆగు. అంకె పక్కన చుక్క పెట్టడం మర్చిపోతే కొంప మునుగుతుంది. ఇరవై పక్కన చుక్క లేకపోతే ఆ యంత్రం దాన్ని ఇరవై మిల్లీమీటర్లు అనుకోదు, ఇరవై మైక్రాన్లు అనుకుంటుంది. అంటే దాదాపు సున్నా. టూల్ తిన్నగా వెళ్లి కడ్డీ మధ్యలో గుద్దుకుంటుంది.

నేను ఒకసారి ఆ చుక్క మర్చిపోయాను. రన్ చేయకముందే మా బ్యాచ్‌లో స్వప్న అనే పిల్ల చూసి ఆపింది. సార్ బ్యాచ్ అందరి ముందూ నవ్వాడు. "చారుల ఉప్పు మర్చిపోయినట్టు కాదు మేడమ్ ఇది" అన్నాడు. "మా ఇంట్లో చారు మా ఆయన పెడతాడండీ" అన్నాను. అప్పట్నుంచి నేనంటే ఆయనకు పడేది కాదు.

స్వప్నది పోచంపల్లి దగ్గర పల్లె, నేతపని చేసే ఇల్లు. వాళ్లమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి చీరలు మడతపెడుతుంది. సాయంత్రానికి కాళ్లు బూరెల్లా వాచిపోతాయి. "నాకు నౌకరి ఒస్తే అమ్మను ఇంట్ల కూసోబెడ్తక్కా, గంతే" అనేది స్వప్న. ఆ పిల్లకి వేరే కోరికే లేదు. చేతులు మాత్రం బంగారం. టూల్ సెట్టింగ్ చేసిందంటే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు.

ఇక తలుపు సంగతి. ఆ యంత్రానికి ముందువైపు జరిపే ఇనుప తలుపు ఉంటుంది, మధ్యలో అద్దం. తలుపు తెరిచి ఉంటే లోపల కడ్డీ తిరగకూడదు. దానికోసం ఒక స్విచ్చి పెట్టే పంపుతారు. మా షెడ్‌లో మాత్రం తలుపు బార్లా తెరిచినా తిరిగేది. ఎందుకంటే సార్ లోపల రెండు వైర్లు కలిపించి స్విచ్చి పనిచేయకుండా చేశాడు. తలుపు తెరిస్తే బ్యాచ్ మొత్తానికి కనబడుతుందట.

నేను మొదటిరోజే అడిగాను, ప్రమాదం కాదా అండీ అని. దానికి ఆయన ప్రతి బ్యాచ్‌కీ చెప్పే కథ చెప్పాడు. "ఇంతకుముందు ఓ పిల్ల ఉండె. చున్నీ ఏస్కొని రావద్దంటె ఇనలే. చున్నీ గుంజింది, చెయ్యి పోయింది. మనం జర హుషారుగుండాలె, మెషిన్‌ది తప్పేంది?" అన్నాడు. ఆ పిల్ల పేరేంటని అడిగితే యాదికి లేదన్నాడు. చెయ్యి పోయిన పిల్ల పేరు గుర్తులేదట! ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను.

దసరాకి అదే యంత్రానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టించాడు. "ఆ గుమ్మడికాయ డబ్బులతో స్విచ్చి బాగు చేయించకూడదా సార్?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

దీపావళి అయ్యాక ఒక కంపెనీ నుంచి ఇద్దరు వస్తారని చెప్పారు. మేం చేసే పని చూసి నచ్చినవాళ్లను తీసుకుంటారట. స్వప్న ప్రోగ్రామ్ రాసి ఒక పీస్ చేసి చూపించాలి, ఆమెకు సాయంగా నేను. ఆ వేళకు అమ్మ షాపులో సెలవడిగి గుడికి వెళ్తుందని స్వప్న పొద్దుట్నుంచీ చెబుతూనే ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్లొచ్చారు. ఎండ దంచేస్తోంది, షెడ్ నిండా వెలుతురు. చీకటిలో నీడను చూసి జడుసుకున్నానని ఎవరూ అనకుండా ఈ సంగతి రాస్తున్నాను.

పీస్ కొలతలన్నీ సరిగ్గా వచ్చాయి. ఒంటి మీద మాత్రం సన్నని గీతలు కనబడ్డాయి. ఆఖరి కోతకి ఫీడ్, అంటే టూల్ ముందుకెళ్లే వేగం, కొంచెం ఎక్కువ పెట్టాం, అంతే. నేను వెంటనే, "సార్, ఫీడ్ తగ్గించి ఇంకోసారి పోనిస్తే అద్దంలా వస్తుందండీ, మార్చాల్సింది ఒక్క అంకె" అన్నాను. కంపెనీవాళ్ల ముందు ఒక ఆడది తనకు పాఠం చెప్పడమా! ఆయన మొహం మాడిపోయింది. "అక్కర్లేదు. స్వప్నా, ఎమరీ పట్టు. గ్లౌజ్ ఏస్కో, సేఫ్టీ" అన్నాడు.

ఎమరీ అంటే గరుకు కాగితం. కడ్డీ గిర్రున తిరుగుతుంటే చేత్తో దాన్ని అదిమిపట్టి మెరుపు తెప్పించాలట. తలుపు తెరిచి, చెయ్యి లోపల పెట్టి. ఆయన బటన్లు నొక్కి కడ్డీని తిప్పాడు. స్వప్న నూలు గ్లౌజ్ తొడుక్కుంది. నేను పక్కకెళ్లి ఆ పిల్ల రెండో చెయ్యి పట్టుకున్నాను.

ఆమె చెయ్యి ఇంకా లోపలికి పోలేదు. తలుపు ధడేల్మని మూసుకుంది.

ఆ తలుపు గురించి చెప్పాలి. దానికి మోటారు లేదు, చేత్తో జరపాల్సిందే. పట్టాలో ఇనుప రజను ఇరుక్కుని ఉండేది. రెండు చేతులతో బలంగా తోస్తే తప్ప కదిలేది కాదు. మేం రోజూ దాన్ని తిట్టుకుంటూ తోసేవాళ్లం.

ఎవరో తగిలారనుకుని సార్ విసుక్కున్నాడు. మళ్లీ రెండు చేతులతో బరబరా లాగి తెరిచాడు. "కానియ్" అన్నాడు. స్వప్న మళ్లీ చెయ్యి ఎత్తింది. మళ్లీ ధడేల్. ఈసారి సార్‌తో సహా అందరూ వెనక్కి జరిగే ఉన్నారు. తలుపు దగ్గర స్వప్న, నేను తప్ప ఎవరూ లేరు. ఆమె ఒక చేతిలో ఎమరీ ఉంది, రెండో చెయ్యి నా చేతిలో ఉంది.

కంపెనీవాళ్లలో ఒకాయన మెల్లగా, "వదిలెయ్యండి సార్, కొలతలు చాలు" అన్నాడు. అక్కడితో ఆగొచ్చు కదా? ఆగితే ఆయన సార్ ఎందుకవుతాడు! ఒక చెక్కముక్క తెచ్చి, తలుపు కదలకుండా పట్టాలో బిగించి సుత్తితో కొట్టాడు. "ఇప్పుడు పెట్టు" అన్నాడు.

స్వప్న మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. "ఈ పిల్ల పెట్టదు" అన్నాను.

"మీ ఇద్దరికి సర్టిఫికెట్ లేదు. గేట్ గక్కడుంది" అన్నాడు.

స్వప్న నా మొహంలోకి చూసింది. "అక్కా, అమ్మ గుడిల ఉంటదక్కా" అంది, అంతే. ఆ మాటకు నా పట్టు ఒక్కసారి సడలింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుకొస్తుంది. కానీ వదల్లేదు. ఆమె చేతి గ్లౌజ్ నేనే ఊడలాగి ఆయన ముందు పడేశాను. "మీరే పెట్టండి, చూస్తాం" అని అరిచాను.

పెట్టాడు. మొండితనానికి గ్లౌజ్ తొడుక్కుని, ఎమరీ పట్టుకుని, మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టాడు. చర్రుమని ఎమరీ రాసుకున్న శబ్దం. ఆ వెంటనే చెక్కముక్క టప్పున ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. తలుపు దూసుకొచ్చింది. ఆ తలుపుకూ చట్రానికీ మధ్య ఆయన చెయ్యి నలిగిపోవాలి. అలా జరగలేదు. ఆయన మనిషంతా వెనక్కి విసిరేసినట్టు వచ్చి నేల మీద కూలబడ్డాడు. తలుపు మూసుకుంది.

అద్దంలోంచి చూశాం. గ్లౌజ్ లోపలే ఉండిపోయింది. కడ్డీకి చుట్టుకుని, అయిదు వేళ్లూ విచ్చుకుని గిరగిరా తిరుగుతోంది. నేను పరుగున వెళ్లి ఎర్ర బటన్ గుద్దాను. అది ఆగింది.

సార్ తన చెయ్యి చూసుకున్నాడు. మోచేతి దగ్గర ఎర్రగా కందింది, అంతకుమించి ఏమీ కాలేదు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎవరు గుంజిన్రు నన్ను?" అన్నాడు. "ఎన్కనుంచి అంగి పట్టి గుంజిన్రు, ఎవరు?" అని మళ్లీ అడిగాడు. ఆయన వెనక ఖాళీ గోడ ఉంది. మేమంతా అటూ ఇటూ నిలబడి ఉన్నాం.

మర్నాడు నా బ్యాగు తెచ్చుకోవడానికి వెళ్తే, ఆ యంత్రాల మెకానిక్ వచ్చి ఉన్నాడు. ఆ తలుపు ఏంటో చూడమని నేనే అడిగాను. ఆయన వాలు చూసే రసమట్టం పెట్టి చూశాడు. వాలు ఉంది, కొంచెం. కానీ తలుపు తెరుచుకునే వైపు ఉంది. దానంతట అది జరగాలంటే తెరుచుకోవాలి గాని మూసుకోకూడదు. పట్టాలో రజను అలాగే ఉంది. ఇద్దరం కలిసి తోస్తే గీరుకుంటూ కదిలింది. నూలు గ్లౌజ్ తిరిగే కడ్డీకి తగిలితే చేతిని కూడా లాక్కుపోతుందని ఆయన చెబితేనే నాకు తెలిసింది.

తర్వాత ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గా పిల్ల పేరు లావణ్య, మేడమ్. చున్నీ ఏడిది? మీ లెక్కనే నీలం షర్ట్ ఏస్కొనొచ్చేది. సారే ఎమరీ ఇచ్చి పెట్టమన్నడు. గదే మెషిన్. దవాఖానల నెల కూడ బతకలే" అన్నాడు.

చనిపోయింది. చెయ్యి పోయిందని మాత్రమే సార్ చెప్పాడు మాకు! చచ్చిపోయిన పిల్ల మీద లేని చున్నీ కప్పి, బ్యాచ్ బ్యాచ్‌కీ ఆమెదే తప్పని పాఠం చెబుతున్నాడు. ఆయన ఎదురుగా లేకపోయాడు గాని, ఉంటే ఆ రసమట్టంతోనే కొట్టేదాన్ని.

నేను చెప్పాల్సిన చోటల్లా ఫిర్యాదు చేశాను. ఎవరూ కదల్లేదు. సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇప్పుడు స్వప్న, నేను ఆటోనగర్ వైపు ఒక చిన్న షెడ్‌లో పనిచేస్తున్నాం. స్వప్న వాళ్లమ్మ పని మానలేదు గాని, ఒంటిపూట మాత్రమే వెళ్తోంది. మా యంత్రం తలుపు తెరిస్తే కడ్డీ తిరగదు. రోజూ పొద్దున్నే అది చూసుకున్నాకే పని మొదలుపెడతాను.

బడంగ్‌పేట్ షెడ్ ఇంకా నడుస్తోంది. మొన్న మెట్రో పిల్లరు మీద కొత్త పోస్టర్ చూశాను. యంత్రం పక్కన ఆయన, రెండు చేతులూ కట్టుకుని నవ్వుతున్నాడు. నిక్షేపంలాంటి చేతులు. పట్టపగలు, జనం చూస్తుండగానే ఆ పోస్టర్ చింపేశాను.

తలుపు ఎలా మూసుకుందో రేపెప్పుడైనా ఎవరో ఒక ఇంజనీరు నాకు లెక్కకట్టి చూపిస్తాడేమో. మొదటి రెండుసార్లూ స్వప్న కోసం అనుకుంటే, నమ్మకపోయినా, మనసుకు ఎక్కుతుంది. మూడోసారి ఆయన్ని కూడా ఎందుకు కాపాడిందో నాకు ఎంతకీ అంతుబట్టదు. లోపల ఉన్నది ఆయన చెయ్యి. లావణ్యకు ఎమరీ ఇచ్చిన చెయ్యి.

నేనైతే ఆ తలుపు వేసేదాన్ని కాదు.