అమ్మ ముగ్గు వేసి మూసిన పాతర

అక్కయ్యగారికి నమస్కారాలు. నేను చదివింది ఐదో తరగతి వరకే. రాతలో తప్పులుంటాయి, అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి. మన్నించండి. చిన్ననాటి సంగతులు రాయమని మీ పత్రికలో అడిగారు. పోయిన వారం అందులోనే ఆ ఫ్రెంచి నవలా రచయిత జీవితం వేశారు. అది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా చిన్నప్పుడు... కళ్యాణదుర్గం దగ్గర మా ఊరి బడిలో అయ్యవారు ఒక మధ్యాహ్నం ఆయన కథే చెప్పారు. ఆ పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. తల్లి ఇళ్ళలో బట్టలు ఉతికేదట. ఆకలి రోజుల్లో రొట్టె కోసం ఎరగని వీధికి పోయి వరసలో నిలబడేదట. కొడుకు పెద్దవాడై అదంతా దాచకుండా నవలగా రాస్తే, దేశమంతా మెచ్చుకుని పెద్ద బహుమానం ఇచ్చిందట.

మీ ఇంటి సంగతి మీరూ ఉన్నదున్నట్టు రాసుకుని రమ్మన్నారు అయ్యవారు. బాగా రాసినవాళ్ళకు తన ఇంకుపెన్ను ఇస్తానన్నారు.

అది కరువు కాలం. మా ఇంటి ముందు జొన్నల పాతర ఉండేది... తెలియనివాళ్ళకు చెబుతున్నా, పాతరంటే నేలలో మనిషి లోతున తవ్వి గింజలు దాచుకునే గొయ్యి. పాతరున్న ఇల్లని ఊర్లో మా నాయనకు మర్యాద. ఆ ఏడు నా నడుముకు తాడు కట్టి లోపలికి దించారు. అడుగంతా ఊడిస్తే రెండు చేటల జొన్నలు వచ్చాయి, అందులో సగం మన్నే. తరవాత నాయన బండ మూసి మన్ను కప్పాడు. అమ్మ పేడతో అలికి పైన ముగ్గు వేసింది. ఇంకా నిండుగానే ఉందని ఊరు అనుకోవాలి కదా.

మా ఊర్లోనే సర్కారువాళ్ళ గంజి కేంద్రం ఉండేది. అమ్మ అక్కడికి పోలేదు. పొద్దున్నే కట్టెలకని చెప్పి నన్ను వెంటబెట్టుకుని రెండు కోసుల దూరం నడిచేది. మమ్మల్ని ఎవరూ ఎరగని ఊర్లో, కొంగు ముఖం మీదికి లాక్కుని వరసలో నిలబడేది. గంపలో గంజి కుండ పెట్టి, పైన కట్టెలు పేర్చుకుని ఇంటికి వచ్చేది.

నేను అదంతా రాశాను... తాడు, ముగ్గు, కొంగు, కట్టెల కింద కుండ. ఒక్కటీ వదల్లేదు.

అయ్యవారు అందరి ముందూ గట్టిగా చదివారు. మధ్యలో కళ్ళు తుడుచుకున్నారు. పెన్ను నాకే ఇచ్చారు. ఆ పూట నాకు ఎంత గర్వమో... ఇప్పుడు చెప్పాలంటే తల వంగిపోతోంది.

పిల్లలు ఇళ్ళకు చేరేసరికి మా కథా చేరింది. సాయంత్రం పక్కింటి మారెన్న నలుగురిలో నాయనను పిలిచి, "ఏమప్పా ఓబులేసూ, మీ పాతరలో ఎలుకలన్నా ఉండాయా, అవీ గంజికి పోయినాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వబోయాడు... రాలేదు.

మరునాడు నాయన ఆ ముగ్గు మీదే పార వేసి, బండ పక్కకు దొర్లించి, పాతర తెరిచి వదిలేశాడు. "ఇంక దాసేదేముండాది, ఈడనే నిలబడదాం పా" అని అమ్మతో అన్నాడు. కుండ తీసుకుని, నన్నూ నా తోబుట్టువులనూ వెంటబెట్టుకుని మా ఊరి వరసలోనే నిలబడ్డాడు. అమ్మ రాలేదు. తెచ్చిన గంజి ముట్టనూ లేదు. ఆ కరువంతా దొరికిన ఆకు ఉడకబెట్టుకుని తిన్నది. మెడ ఎముకలు తేలాయి.

నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఒకరోజు తల దువ్వుతూ ఒక్క మాట అడిగింది.

"రాసేదానికి నీకు నేనే దొరికినానా పాపా?"

ఆ రచయిత తల్లయితే, బహుమానం వచ్చాక చచ్చేదాకా కొడుకుతో మాట్లాడలేదని మీ పత్రికలో చదివాను. అయ్యవారు మాకు ఆ సగం చెప్పలేదు. తెలిసి ఉంటే నేను రాసేదాన్ని కాదు అనాలని ఉంది... కానీ పెన్ను కోసం అప్పుడూ రాసేదాన్నేమో. అదే నా సిగ్గు.

ఇప్పుడు రోజులు మారాయి. మా పాప బడిలో పెట్టే ఉప్మా తిని వచ్చి, వీధంతా వినేలా చెబుతుంది. మొన్న పుట్టింట్లో అట్లే చెబుతుంటే అమ్మ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "మెల్లగా చెప్పమ్మా" అంది.

మీ పాఠకుల్లో ఆ గంజి వరసలో నిలబడినవాళ్ళు ఉంటే, ఎవరి సంగతి వాళ్ళనే రాయమనండి. నా సంగతి రాద్దామని కూర్చుంటే, మళ్ళీ అమ్మనే రాశాను. ఆమెకు చదువు రాదు గానీ మీ పత్రిక మా ఊరికీ పోతుంది, చదివి వినిపించేవాళ్ళుంటారు. అచ్చు వేయకండి అక్కయ్యా... చదివి పొయ్యిలో వేసేయండి.