గొంగడి కప్పుకున్న హీట్ పంపు

2012, చలికాలం. నేను బాలింతలకు, పసిబిడ్డలకు నీళ్లు పోసే పని చేస్తాను. మాది కామారెడ్డి. పిలిస్తే దోమకొండ, బీబీపేట దాకా పోయేదాన్ని. చదువు రెండో తరగతిలోనే ఆగింది గానీ, ఏ ఇంట్లో ఏ బిడ్డకు ఎట్లా నీళ్లు పోశానో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు చెప్పగలను. ఆ ఏడు ఎల్లారెడ్డిలో ఒక ఇంటివాళ్లు పిలిచి, బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ దాకా తమ ఇంట్లోనే ఉండమన్నారు.

బాలింత పేరు లావణ్య. తొలికాన్పు, పుట్టిల్లు. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి ఆయాసం. మా పనికేమో కాగు నిండా మరిగే నీళ్లు కావాలి. కాగు కింద కట్టెల పొయ్యి మండితే ఇల్లంతా పొగ. నేను పోయిన మర్నాడే ఆ పొగకు లావణ్యకు ఊపిరాడక దవాఖానకు ఎత్తుకుపోయి, తగ్గాక తీసుకొచ్చారు. గీజరు ఒకటి ఉంది గానీ, వేస్తే చాలు, పాత వైరింగు ఆ లోడు ఆగలేక ఫ్యూజు ఎగిరిపోయేది.

"నీళ్లు పోయకుంటే బాలింత ఒళ్లెట్ల గట్టివడ్తదే సాయవ్వా?" అని వాళ్ల నాయనమ్మ నర్సవ్వ పట్టు.

"ఊపిరే ఆడకుంటే ఒళ్లు గట్టివడి ఏం జేసుకుంటది?" అన్నాను.

లావణ్య అన్న గంగారాం దుబాయిలో ఏసీలు బాగుచేసి వచ్చినవాడు. పట్నం నుంచి హీట్ పంపు తెప్పించాడు. నిలువెత్తు ట్యాంకు, నెత్తి మీద ఫ్యాను. ఇంటికి సరిపడకపోతే తొట్టెల నాటికి వాపసు తీసుకుంటానని దుకాణదారు మాటిచ్చాడట.

"గీజరు కరెంటుతోనే నీళ్లు కాగవెడ్తది పెద్దమ్మా. ఇది గాలిలున్న వేడిని గుంజి నీళ్లల్ల వెడ్తది. గుంజనీకె మాత్రమే కరెంటు. అందుకే తక్కువ తింటది, ఫ్యూజు ఎగురది" అన్నాడు నాతో.

"గీ చలిల వేడెక్కడిదిరా?"

"ఉంటది. మనకు తెల్వది, గంతే."

కరెంటు మాటిమాటికీ పోయే రోజులవి. ఉన్నప్పుడే కాగబెట్టుకుంటుందట, ట్యాంకుకు మందపాటి తొడుగు ఉంది కాబట్టి నీళ్లు తొందరగా చల్లారవట. "ఇంట్ల ఇంతమందిమి ఉన్నం గాబట్టి పెడ్తున్న. ఇద్దరే అయితే వద్దందును" అన్నాడు. గాలి ఆడాలని వెనక వసారాలో నిలబెట్టాడు.

సాయంత్రానికి నీళ్లు కాగాయి. ఒక చేయి ఫ్యాను ముందు పెట్టాను, ఒక చేయి నల్లా కింద పెట్టాను. అక్కడ మంచు, ఇక్కడ నిప్పు. ఒక్క మిషనే! ఆ సంబరంలో ఇంటిల్లిపాదీ స్నానాలు చేసి ట్యాంకు ఖాళీ చేశారు. మళ్లీ నిండిన నీళ్లు తెల్లారేలోగా కాగాలి.

పొద్దున బిడ్డకు నూనె పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నల్లా తిప్పాను. చన్నీళ్లు! తుంపర పడి బిడ్డ గుక్కపట్టి ఏడుపు. "అమ్ముకునేటోని మాటలు నమ్మితే గిట్లనే ఉంటది. వాపసు తోలు. నేను పొయ్యి అంటిస్త" అని నర్సవ్వ లేచింది. పొయ్యి మాట వినగానే లోపలి నుంచి లావణ్య బతిమాలింది. "వద్దవ్వా, నీ కాళ్లు మొక్కుత."

గంగారాం వసారాలోకి ఉరికాడు. మిషన్ నెత్తి మీద నర్సవ్వ గొంగడి! పైన తాడుతో బిర్రుగా కట్టు.

"ఎవరు కప్పిండ్రు?"

"నేనే. సల్లగాలి బాలింత తలుపుకే కొడ్తున్నది. అది గూడ గడగడ వణుకవట్టె, పాపం."

"అది వణుకుడు గాదవ్వా, పనిజేసుడు! గాలే దాని తిండి. నువ్వు మూతి గట్టినవ్."

మేం నవ్వాం గానీ గంగారాం నవ్వలేదు. తలుపు వైపు చేయి చాచి చూశాడు. బాలింతకు చలిగాలి తగలకుండా చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టే ఇల్లు అది. "అవ్వ చెప్పింది నిజమే. నేను మిషన్‌కు గాలి జూసిన గానీ, చెల్లెకు జూడలే" అన్నాడు. ఆ పూట బిడ్డను తడిగుడ్డతో తుడిచి పడుకోబెట్టాను. గంగారాం నలుగురు మనుషులను పిలిచి మిషన్‌ను పెరట్లోకి, వంటింటి గోడ పక్కకు మార్పించాడు.

మర్నాడు మంచు కురుస్తోంది. భయం భయంగా నల్లా తిప్పితే ఆవిరి లేచింది. మోచేయి ముంచి చూశాను, చురుక్కుమంది. చన్నీళ్లు కలిపి లావణ్యకు వీపు నిండా పోశాను. పొగ లేదు, దగ్గు లేదు. "ఇంకింత పొయ్యి పెద్దమ్మా" అని ఆ పిల్ల కళ్లు మూసుకుంది.

తొట్టెల నాడు దుకాణదారు ఫోను. వాపసు తోలాల్నా అని గంగారాం నాయనమ్మను అడిగాడు. ఆమె పెరట్లో ఉంది. చుట్టాల కోసం తోడుపెట్టిన పెరుగు కుండ పులిసిపోకుండా ఫ్యాను చలిగాలికి పెట్టుకుంటోంది.

"తోలితే నా పెరుగు నువ్వు కాస్తవారా?"

ఆ తర్వాత ఎవరైనా ఈ మిషన్ మా ఇంటికి పనికొస్తుందా అని అడిగితే నేను ముందు అడిగేవి: ఎంతమంది ఉన్నారు, కరెంటు ఎట్లుంది, దానికి గాలి ఎటు నుంచి వస్తుంది, దాని చలిగాలి ఎవరి తలుపుకు పోతుంది. అంతకుమించి లెక్కలు నాకు రావు. కానీ చలి పొద్దున బిడ్డకు నూనె పెడుతుంటే గాలి ఒళ్లు కోస్తుంది చూడండి, అప్పుడు ఇప్పటికీ అరచేయి చాచి ఆ గాలినే అడుగుతాను: ఇంత చలిలో అంత వేడి ఎక్కడ దాచావే తల్లీ!