సోయా నూనెకి చలేసిన జనవరి

మా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసిన అంకుల్ పోయారన్న మెసేజ్ చూడగానే నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో చెప్పకుండా ఆయన్ని పొగిడితే అది రెండో దొంగతనం అవుతుంది.

మిషిగన్‌లో నా పీహెచ్‌డీ సోయా నూనెతో చేసిన బయోడీజిల్ మీద. డీజిల్ ఇంజన్‌లో లాగా సన్నటి రంధ్రంలోంచి దాన్ని చిమ్మించి, తుంపర ఎలా విచ్చుకుంటుందో ఫోటోలు తీసేదాన్ని. ప్రతి టెస్ట్‌కీ ముందు అంకుల్ ఇంధనం డబ్బా మీద అరచెయ్యి ఆనించేవారు, జ్వరమొచ్చిన పిల్లని చూసినట్టు. ఇదేం చాదస్తమని నవ్వుకునేదాన్ని. మధ్యాహ్నం ఆయన క్యారేజీలో గోంగూర పచ్చడి సగం నాకు పెట్టేటప్పుడు మాత్రం నవ్వేదాన్ని కాదు.

ఒక జనవరిలో, పోలిక కోసం చిమ్మించిన మామూలు డీజిల్ తుంపర గొడుగులా విచ్చుకుంటుంటే, బయోడీజిల్ సన్నగా, పొడుగ్గా దూసుకుపోయింది. చిక్కటి నూనె కదా, దాని గుణమే అంత అని చాప్టర్ మొత్తం రాసేశాను. అంకుల్ అది చదివి నన్ను స్టోర్‌రూమ్‌కి తీసుకెళ్లారు. డీజిల్ డబ్బా లోపలి అరలో ఉంది. బయోడీజిల్ డబ్బా మంచుగాలి కొట్టే తలుపు పక్కనుంది.

"చెయ్యి పెట్టి చూడమ్మాయ్. నూనెక్కూడా చలేసుద్ది. చలికి ఇంకా చిక్కబడితే అదేం విచ్చుకుంటుద్ది?"

రెండింటినీ ఒకే వేడికి తెచ్చి మళ్లీ టెస్ట్ చేశాం. తేడా ఉంది గానీ, నేను రాసినంత లేదు. చాప్టర్ తిరగరాశాను. ఈ తప్పు ఎలా పట్టుకున్నావని ప్రొఫెసర్ మెచ్చుకుంటే, "డౌట్ వచ్చి చెక్ చేశాను" అన్నాను. అంకుల్ పక్కనే బోల్టు బిగిస్తున్నారు. తలెత్తలేదు.

థీసిస్ మొదటి పేజీలో మా పిల్లికి కూడా థాంక్స్ చెప్పాను. ఆయనకి చెప్పలేదు. పేరు రాస్తే ఎందుకని ఎవరైనా అడుగుతారని భయం. తర్వాత ఏటా క్రిస్మస్‌కి ఆయనే ఫోన్ చేసేవారు. ఈసారి సారీ చెబుదాం అనుకునేదాన్ని, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేసేదాన్ని.

తెలుగు చర్చిలో ప్రార్థన అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ నా థీసిస్ తెచ్చి ఒళ్లో పెట్టారు.

"ఎవరొచ్చినా చూపించేవారమ్మా, మా అమ్మాయి రాసిందని. ఆయన పేరు కూడా ఉందన్నారు. నాకు ఇంగ్లీషు రాదు. ఎక్కడుందో చూపించవా?"

లేని పేరు ఎక్కడని చూపించను? పేజీలు తిప్పీ తిప్పీ, వెచ్చబడిన నూనె విచ్చుకున్న ఫోటో దగ్గర ఆగాను.

"పేరు నేను రాయలేదాంటీ. కానీ ఇది అంకుల్ చేసిందే."

ఆవిడ ఆ ఫోటో మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు తీయలేదు.